బిక్వీత్ అంటే చెప్పిపోవడమట

జీఆర్ఈకి చదివేటప్పుడు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకి, అవ్వావాళ్ళింటికి పోయే బస్సులో కూడా మాటలు బట్టీ పట్టేవాణ్ణి. అందులో ‘బి’తో మొదలయ్యే క్రియలు ఒక గుంపు. బిసీజ్, బిహెడ్, బిరేట్, బిక్వీత్... ముందున్న ‘బి’ పాత ఇంగ్లీషు ఉపసర్గ. బిసీజ్‌లో దానికి ‘చుట్టూ’ అని అర్థం (1786లో టిప్పు సుల్తాన్ ఆదోని కోటకి చేసిందదే!). బిహెడ్‌లోనేమో ‘తీసెయ్యడం’. బిరేట్‌లో ఊరికే జోరు పెంచుతుంది. రేట్ అంటేనే తిట్టడం (ధర కాదండోయ్), బిరేట్ అంటే తిట్టిపోయడం. వాళ్ళు ముందు తగిలిస్తారు, మనం వెనక తగిలిస్తాం.

బిక్వీత్ అంటే వీలునామా రాసివ్వడం అని బట్టీ కొట్టేశా. మొన్న నిఘంటువు తిరగేస్తే దాని మూలం పాత ఇంగ్లీషు ‘క్వెదన్’ అట. అంటే చెప్పడం. రాయడం కాదు!

తాత ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. పోయే ముందురోజు “మగ్గమున్న ఇల్లు చిన్నోడికి” అన్నాడట. విన్నది అవ్వ ఒక్కతే. కాగితమేదీ అని మా నాయన అడిగాడు. చదువుకున్నోణ్ణి కదా, రాయనిది చెల్లదని నేనూ వంత పాడా. అవ్వది ఒకటే మాట: “చెప్పిపోయినాడు కదప్పా.”

ఇల్లు అమ్మి పంచుకున్నాం. చిన్నాయన ఇప్పుడు ఆదోనిలో జిన్నింగు మిల్లుకి కూలికి పోతున్నాడు.