పళ్ళ డాక్టరు పక్క గది

కోస్తాలో ఒక జిల్లా ఆసుపత్రి. ఏ ఊరో రాయనని అక్కడి సైకాలజిస్టు నా దగ్గర ముందే మాట తీసుకున్నారు. "ఇది చిన్న ఊరండీ. నా గది ముందు కూర్చున్నది ఎవరో సాయంత్రానికల్లా చుట్టాలందరికీ తెలిసిపోతుంది" అన్నారు. ఆ గది దంతవైద్య విభాగాన్ని ఆనుకుని ఉంది. రెండింటికీ ఒకటే వరండా, అవే బెంచీలు. చాలామందికి అదో పెద్ద వెసులుబాటు. తెలిసినవాళ్ళు ఎదురైతే దవడ మీద చెయ్యేసుకుని పన్ను సలుపుతోందని చెప్పేయొచ్చు. నేనున్న కాసేపట్లోనే ఒక పెద్దాయన ఆ పని చేశారు. పలకరించినాయన నమ్మేసి, లవంగం పెట్టుకోమని చెప్పి మరీ వెళ్ళాడు.

ఈ దాపరికాన్ని తప్పుపట్టలేం. పిచ్చాసుపత్రులున్న ఎర్రగడ్డ, విశాఖల పేరు చెబితేనే తిట్టు అయిపోయిన సమాజం మనది. ఈ వైద్యం కోసం గడప దాటితే ఇక అక్కడే పడేస్తారన్న భయం ఇంకా పోలేదు. నిజానికి ఆ వరండాలో కూర్చున్నవాళ్ళంతా మధ్యాహ్నం భోజనం వేళకి ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళే.

లోపల ఒక మూల కూర్చుని, కౌన్సెలింగ్ ఎలా జరుగుతుందో చూస్తానని అడిగాను. కుదరదన్నారావిడ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేషెంటుకి గోప్యత హక్కు ఇచ్చింది. "చట్టం లేకపోయినా మిమ్మల్ని రానివ్వను. మూడో మనిషి ఉంటే మొగుడూ పెళ్ళాలే నిజం మాట్లాడుకోరు, నాతో ఏం మాట్లాడతారు?" అన్నారు. ఓపీ అయ్యాక, తొలిసారి వచ్చినవాళ్ళతో ఏం చేస్తారో నాతోనే చేసి చూపిస్తానన్నారు. అప్పటిదాకా వరండాలో ఉండొచ్చు, ఎవర్నీ పేరు అడగకూడదు.

ఓపీ చీటీ తీసుకున్నవాళ్ళని ముందు సైకియాట్రిస్టు చూస్తారు. ఆయన ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. చాలామందికి రక్తపరీక్షలూ రాస్తున్నారు. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా మనిషి దిగులు పట్టినట్టే ఉంటాడు కాబట్టి ముందు అది తేల్చుకోవాలి. మాటలతో చికిత్స అవసరమనిపిస్తే పక్క గదికి పంపుతారు. ఆ గదిలో ఉండే క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. భారత పునరావాస మండలిలో రిజిస్టరై ఉంటారు.

నా పక్కన ఒక తల్లి, ఇంజినీరింగు మధ్యలో ఆపేసిన కొడుకు. "గదిలోంచి బయటికి రాడండీ, ఫోను వదలడు. మేడమ్‌తో నాలుగు చీవాట్లు పెట్టిద్దామని తెచ్చాను" అందావిడ, వాడు వింటుండగానే. పది నిమిషాలకి ఆవిడ ఒక్కర్తీ బయటికొచ్చింది. కొడుకుతో విడిగా మాట్లాడాలన్నారట. "ఒక్క మాటా అనలేదు. ఎన్నింటికి పడుకుంటావు, ఎన్నింటికి లేస్తావు, అన్నం సయిస్తోందా... ఇవే. ఇవి నేనూ అడుగుతానుగా!" అని గొణిగింది. కొడుకు ముప్పావుగంటకి వచ్చాడు. చీవాట్లు తిన్న ముఖం మాత్రం కాదది.

ఒంటిగంట దాటాక నా వంతు వచ్చింది. టేబులు గోడకి నెట్టేసి ఉంది. కుర్చీలు రెండూ ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేశారు. గడియారం నా తల వెనక గోడకి ఉంది. ఎందుకలా అంటే, "నేను చేతి గడియారం చూసుకుంటే మీరు మాట ఆపేస్తారు" అన్నారు.

మొదట చెప్పింది నియమాలు. ఇక్కడన్నది ఇక్కడే ఉంటుంది, ఇంట్లోవాళ్ళడిగినా చెప్పరు. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పుంటే, పిల్లల మీద లైంగిక దాడి సంగతి బయటపడితే, కోర్టు అడిగితే మాత్రం దాచరు. రైతు బజారులో ఎదురైతే ఆవిడ ముందుగా పలకరించరు. మనం పలకరిస్తే పలుకుతారు. ఇది విన్నాక నా భుజాలు కొంచెం కిందికి దిగాయి, ఆటకే అయినా.

తర్వాత అడిగారు: "ఇన్నాళ్ళూ రానివాళ్ళు ఇప్పుడే ఎందుకొచ్చారు?" నేను తడుముకున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. ఆ తర్వాతంతా మామూలు సంగతులే. నిద్ర అసలు పట్టదా, లేక పట్టి తెల్లారగట్ట మూడింటికి మెలకువ వచ్చేస్తుందా? బరువు తగ్గారా? మందు, సిగరెట్టు? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? తన దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది నోట దిగులన్న మాటే రాదట. గుండె దడ, తల బరువు, ఒళ్ళంతా మంటలు, గ్యాస్ అని చెబుతారు. లావుపాటి ఫైల్లో అన్నీ మామూలుగా ఉన్న ఈసీజీలు పట్టుకుని ఆఖరికి ఇక్కడికొస్తారు. ఒక ముసలాయనైతే "నువ్వు నా మనవరాలి వయసుదానివి, నా బాధ నీకేం తెలుసమ్మా?" అన్నాడట. "తెలీదు తాతగారూ, అందుకే అడుగుతున్నాను" అన్నారట ఈవిడ.

ఒక కాగితం ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. నాకెంతొచ్చిందో ఇక్కడ రాయను. ఇది జబ్బు తేల్చే కాగితం కాదని, కొన్ని వారాలకి మళ్ళీ నింపించి తేడా చూస్తామని చెప్పారు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దాన్ని ఆవిడ కళ్ళు దించకుండా, గొంతు తగ్గించకుండా అడిగారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని జనం భయపడతారు గానీ అలా జరగదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసేవాళ్ళే ఎక్కువట. పోలీసు కేసవుతుందని నోరు విప్పనివాళ్ళూ ఉంటారు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని ఆ 2017 చట్టమే చెబుతోంది.

చివరికి నేనూ ఆ తల్లిలాగే అడిగేశాను, నిద్ర పట్టాలంటే ఏం చెయ్యమంటారని. "మీరేం చేసి చూశారు?" అన్నారు. సలహా కోసం వెళ్ళినవాడికి ఇది చిరాకు పుట్టించే జవాబు. కానీ అరగంట మాట్లాడేసరికి, రాత్రి పదకొండింటికి మంచం మీద ఆఫీసు మెయిళ్ళు చూస్తానన్న సంగతి నా నోటితో నేనే చెప్పాను.

ఇంటిపని కూడా ఉంటుంది. గీతల నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసిచ్చారు: ఏం జరిగింది, ఏమనుకున్నారు, ఎలా అనిపించింది, ఏం చేశారు. కూతురు ఫోనెత్తలేదు, దానికి నేనంటే లెక్కలేదు, ఏడుపొచ్చింది, అన్నం మానేశాను. ఇలా రాస్తూ పోతే రెండో గడిలోదే మళ్ళీ మళ్ళీ వస్తోందని రాసినవాళ్ళకే కనిపిస్తుంది. "అలా అనుకోకండి" అని ఈవిడ చెప్పరు. ఇంకెలా అయ్యుండొచ్చో వాళ్ళచేతే చెప్పిస్తారు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు రూపొందించిన పద్ధతి ఇది. సీబీటీ అంటారు. లెక్క ప్రకారం వారానికోసారి 45, 50 నిమిషాల చొప్పున ఎక్కువమందికి 12 నుంచి 20 సార్లు పడుతుంది. ఈ వరండా రద్దీలో కొన్నిసార్లు అరగంటే దొరుకుతుంది, అదీ పదిహేను రోజులకోసారి. బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చేవాళ్ళకి అదీ కష్టమే. ఈ కొరత ఎంతో తెలియాలంటే సర్వే కావాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో సాగింది. అందులో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మన అవసరమెంతో కొలవకుండా ఎందరు సైకాలజిస్టులు కావాలో ఎలా తేలుస్తారో నాకర్థం కాదు.

మొదటి రెండు మూడుసార్లు ఇంటికెళ్ళాక మనసు ఇంకా బరువెక్కొచ్చట. తవ్వుకున్నది పూడ్చకముందే లేచి వెళ్ళాల్సి వస్తుంది కదా. సరిగ్గా అప్పుడే చాలామంది మానేస్తారు. మందులదీ ఇదే తంతు. దిగులుకి ఇచ్చే మాత్రలు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వికారం మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. మనవాళ్ళు వికారం చూసి ఆపేస్తారు, లేదా నెమ్మదించగానే ఆపేస్తారు. రెండూ డాక్టరుతో చెప్పి చేయాల్సిన పనులు.

రావడానికి దారి లేనివాళ్ళకి టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించింది. 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రైవేటుకి వెళ్ళేవాళ్ళు ఏం చూసుకోవాలని లేచేముందు అడిగాను. ఈసారి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. "ఏం చదివారు, రిజిస్ట్రేషన్ ఉందా, ఏ పద్ధతిలో చేస్తారు, ఫీజెంత, రాలేకపోతే ఏం చెయ్యాలి... మొదటిరోజే అడిగెయ్యమనండి. నాలుగుసార్లు వెళ్ళినా మాట కలవకపోతే ఆ సంగతి వాళ్ళకే చెప్పి మరొకర్ని చూసుకోమనండి. మేం నొచ్చుకోం. నొచ్చుకునేవాళ్ళయితే ఎలాగూ వెళ్ళక్కర్లేదు" అన్నారు.