నాలుగు నెలల జైలు

పోస్టు జర పొడుగైంది, ఓపికతో చదవండ్రి.

1947లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం నడిచేటప్పుడు ఈత చెట్లు నరికిండని మా తాతను నిజాం పోలీసులు పట్టుకపోయిన్రు. కల్లు మీద వచ్చే ఆబ్కారీ పైసలు సర్కారుకు అందొద్దని అప్పుడు ఊరూరా చెట్లు నరికేటోళ్లు. దసరా అయినంక పోయిన మనిషి శివరాత్రి ముంగట ఇంటికొచ్చిండని అవ్వ చెప్పేది. ఆమె క్యాలెండర్ అదే. నాలుగు నెలలు.

స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ 1972లో మొదలైంది. తాత పోయినంక అవ్వ దరఖాస్తు పెట్టింది. పట్నంల ఒక ఆఫీసుకు బాపు కాగితం పట్టుకపోతే, "ఆరు నెలల జైలు ఉండాలె, మీది నాలుగే" అని తిప్పి పంపిన్రు. బాపు నమ్మిండు. నమ్మకేం చేస్తడు, ఎదురుగ కూసున్నది సదువుకున్నాయన.

పోయినేడు నేను ఆ నిబంధనలు చదివిన. ఆరు నెలలు నిజమే. కానీ 1980 ఆగస్టు 1 నుంచి ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలే చాలు. మూడుసార్లు చదివిన. బాపుకు చెప్తే ఏం మాట్లాడలే, లేసి బయటికి పోయిండు.

జైలు సర్టిఫికెట్ లేకున్నా తొవ్వ ఉండె. రికార్డులు దొరకవని సర్కారే రాసిస్తే, తోటి ఖైదీల సాక్ష్యం పెట్టుకోవచ్చు. తాతతోని జైల్ల ఉన్న ఇద్దరు అప్పటికి బతికే ఉన్నరు. ఇప్పుడు లేరు. ఆలస్యంగ పెట్టిన్రని దరఖాస్తు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 1993ల ముకుంద్ లాల్ భండారీ కేసుల చెప్పింది. అది మా ఊరిదాంక రాలే.

మనుమలకు ఈ పెన్షన్ రాదు, నాకు ఆశ లేదు. కానీ పెండ్లి కాని బిడ్డలకు హక్కుంది. కాలు బాగలేక పెండ్లి కాని మా మేనత్త మా ఇంట్లనే ఉంటది. ఆమె పేరు మీద జైలు రికార్డు కోసం ఆర్టీఐ వేసినం. వేలిముద్ర పెడుతూ, "మీ తాత పేరు సక్కగ రాసినవా?" అని అడిగింది.

నిజాం కాలం రిజిస్టర్లు ఉర్దూల ఉంటయి. చేతిరాత ఉర్దూ చదివే పెద్దమనుషులు మీ ఎరుకల ఉంటే చెప్పండ్రి. మీ తాతల కాగితాలు తిప్పి పంపి ఉంటే, అవి కూడ ఒకసారి బయటికి తీయండ్రి.