షడ్డకుడి లెక్క

"నీకు లెక్క తెల్వదు తమ్మీ" అని మా షడ్డకుడు నలుగురిలో అన్న మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. నాచారం ఫ్యాక్టరీలో అకౌంట్లు రాస్తూ రిటైరైనవాణ్ని నేను. అమ్మాయి పురుటికి డాలస్ టికెట్లు చూస్తుంటే ఆయనిచ్చిన సలహా ఇది: "హైదరాబాద్ కెల్లి కొనకు. ఢిల్లీ దాక ఒకటి, ఆడికెల్లి అమెరికాకు ఇంకోటి, వేరేవేరేగ కొను. ఇద్దరికి యాభై వేలు మిగుల్తయ్."

ఆ రాత్రే కాగితం తీశాను. శంషాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌కు, ఒకే పీఎన్ఆర్ మీద, రానుపోను మనిషికి 1,12,000. ఇద్దరికీ 2,24,000. ఢిల్లీ నుంచి మనిషికి 88,000, ఇద్దరికీ 1,76,000. మిగులు 48,000. ఇంతవరకు ఆయన మాట నిజమే.

ఇక ఖర్చు వైపు. హైదరాబాద్-ఢిల్లీ రానుపోను ఇద్దరికీ నాలుగు టికెట్లు, ఒక్కోటి 5,500 చొప్పున 22,000. తర్వాత సామాను. అమెరికా టికెట్ మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, అంటే 46 కిలోలు. దేశీయ విమానంలో 15 కిలోలే. మనిషికి 31, ఇద్దరికీ 62 కిలోలు అదనం. కిలోకు 600 చొప్పున 37,200. అంటే ఆవకాయకూ కారప్పొడికీ విమాన టికెట్ కొన్నట్టే. మొత్తం 59,200. మిగలడం సంగతి అటుంచి, 11,200 ఎదురు పెట్టాలి. ఢిల్లీలో పెట్టెలు తీసుకుని, అవసరమైతే టెర్మినల్ మారి, మళ్లీ చెకిన్ చేయాలి. రాత్రి ఆగితే హోటల్ ఖర్చు వేరే. తిరుగు సామాను నేను లెక్కలోనే వేయలేదు.

ఒకే పీఎన్ఆర్ టికెట్టే తీసుకున్నాను. పైగా తేదీ మార్చుకునే వీలున్న ఫేర్‌కు మనిషికి 7,000 ఎక్కువ కట్టాను. దానికీ బంధువులు నవ్వారు. పురుటికి వెళ్లే అమ్మానాన్నలు అనుకున్న తేదీకి తిరిగి రావడం ఎక్కడైనా చూశారా? అమెరికాలో దిగాక ఇచ్చే ఐ-94 అనుమతిలో మామూలుగా ఆరు నెలలిస్తారు, పసిబిడ్డ ముఖం చూశాక ఆ గడువంతా వాడుకుంటాం. మేమూ అంతే చేశాం. మార్పు రుసుము లేదు, ఫేర్ తేడా మాత్రమే కట్టాం. బయల్దేరడం కూడా ఆగస్టులో కాదు, సెప్టెంబర్ మధ్యలో. ఆగస్టులో విద్యార్థుల రద్దీకి ధరలు మండుతాయి. డిసెంబరూ అంతే.

మోకాళ్ల నొప్పులకు బిజినెస్ క్లాస్ మంచిదన్నవాళ్లూ ఉన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 18 శాతం, ఎకానమీకి 5 శాతమే. మూడు లక్షల ఛార్జీకి పన్నే 54,000. కార్డు పాయింట్లు బాగా ఉన్నవాళ్లు ఆ దారి చూసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. ఓ జనవరిలో షడ్డకుడు తన సలహా తనే పాటించాడు. ఢిల్లీ పొగమంచుకి హైదరాబాద్ విమానం గంటలకొద్దీ ఆలస్యమైంది, అమెరికా విమానం వెళ్లిపోయింది. టికెట్లు వేరు గనుక రెండో కంపెనీకి బాధ్యత లేదు. నో-షో కింద తిరుగు టికెట్ కూడా రద్దయింది. డీజీసీఏ నిబంధన ప్రకారం పన్నులు, విమానాశ్రయ రుసుము (యూడీఎఫ్) మాత్రం వెనక్కి వచ్చాయి. అప్పటికప్పుడు మనిషికి లక్ష దాటించి కొత్త టికెట్లు కొన్నాడు. నేను ఏమీ అనలేదు. అనాలని మాత్రం చాలా ఉండింది. ఇదిగో, ఇక్కడ అంటున్నాను.

సలహా ఇచ్చేవాడు మీ బిల్లు కట్టడు. బంధువైనా, ఏజెంటైనా, నష్టం వచ్చాక ఫోన్ ఎత్తడు. కాబట్టి స్క్రీన్ మీద కనిపించే ధర చూసి మురిసిపోకండి. మీ గుమ్మం నుంచి పిల్లల గుమ్మం దాకా సామాను, బస, తేదీ మార్పు అన్నీ కలిపి కూడండి. టికెట్ ఒకే పీఎన్ఆర్ మీద ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.