రవ్వంత తరుగు

కంసాలి కన్నతల్లి బంగారంలోనైనా రవ్వంత మిగుల్చుకుంటాడని లోకం సామెత. కోయిలకుంట్లలో 7వ తరగతి పిల్లలకు నగల పని చూపించడానికి నేను వెళ్ళేసరికి, ఆ సామెత నాకంటే ముందే వెళ్ళి తరగతిలో కూచుంది!

6 నుంచి 8వ తరగతి దాకా పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి పక్కన బెట్టి, ఊళ్ళో పనివాళ్ళ దగ్గర పని నేర్వాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. వడ్రంగి, కుమ్మరి అయ్యాక నా వంతు వచ్చిందన్నమాట.

బంగారం ఎవరిస్తారు? రాగితీగె కొన్నాం. కుంపటి దగ్గర నేనే కూచున్నాను. కొట్టేకొద్దీ లోహం బిగుసుకుంటుందనీ, కాలిస్తే మళ్ళీ మెత్తబడుతుందనీ పిల్లలు చేత్తో తెలుసుకున్నారు. అతుకు దగ్గర చిలుమును వెలిగారం కరిగిస్తుందని చూశారు. నల్లబడ్డ ఉంగరం చింతపండు నీళ్ళలో పడి ఎర్రగా తేలింది.

రెండోనాడు ఒక పిల్ల లేచింది.

“తాతా, కంసాలోళ్ళు బంగారం తీస్తారంట గదా? బోరు వేయనీకి మా అమ్మ గాజులు అమ్మితే, కరిగించినాక తూకం తగ్గిందన్నారంట.”

టీచరమ్మ కసరబోయారు. నేను వద్దన్నాను. మా నాయన బతుకంతా ఈ అనుమానం మోశాడు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చి, 14 క్యారెట్లకు మించి నగ చేయరాదన్నప్పుడు మా ఇంట కుంపటి ఆరింది. నియంత్రణ చట్టం 1990లో రద్దయింది గాని, అనుమానం రద్దు కాలేదు.

త్రాసు తెప్పించాను. తీగె తూచి పలకమీద రాశాం. ఆకురాయి పట్టాక ఉంగరం తూచితే తగ్గింది. “దొంగ ఎవరు?” అన్నాను. బల్లమీది గుడ్డ దులిపి, ఆ పొడిని కూడా తూచమన్నాను. రెండూ కలిపితే మొదటి లెక్కకు దగ్గరగా వచ్చింది. మిగిలింది చిలుమై పోయిందని వాళ్ళే చెప్పారు.

“చూశావా తల్లీ! పాత గాజు కరిగిస్తే లోపలి లక్కా, మట్టీ పోతాయి. అంతకు మించి పోయిందంటే మాత్రం, మీ అమ్మ అడగాల్సిందే. కరిగించే ముందొకసారి, తర్వాతొకసారి కళ్ళముందు తూయించుకోవాలి” అన్నాను. నగమీద 916 అని ఉంటే నూటికి 91.6 పాళ్ళు మేలిమి అనీ, అది 22 క్యారెట్ల గుర్తనీ చెప్పాను.

వానను నమ్ముకున్న ఈ సీమలో ఆడవాళ్ళ మెడలోదే బ్యాంకు. ఆ లెక్క పిల్లలకు రాకపోతే ఎట్లా?

సాయంత్రం ఆ పిల్ల పలకమీద ఉంగరం తూకం, పొడి తూకం రాసి, కింద ఇంకో గీత గీసి, “కూలి, రెండు రోజులు” అని రాసింది.

“ఇది ఎవరిస్తారు తాతా?” అంది.

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట ముందుగా అడిగినవారు లేరు.