మా పడవ, దాని తాళం

చాలా రోజుల సంది రాయాలనుకుంటున్న ముచ్చట ఇది. టైపు చేసేది ఒక్కరే గానీ చెప్పేది ఏడుగురం, అందుకే 'మేము' అని రాస్తున్నం. మాలో అయిదుగురం దేవరకొండ దిక్కు తండాలోళ్లం, ఇద్దరు అమ్రాబాద్ దిక్కు చెంచు పెంటల నుంచి వచ్చినోళ్లు. హాస్టల్లో ఒక్క రూములో పడ్డం, అప్పటి సంది ఏ పని చేసినా కలిసే చేస్తున్నం. పడవ కొన్నది కూడా అట్లనే.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినం. బ్యాగులు ఇంట్లో పడేసి నేరుగా సాగర్ ఒడ్డుకు ఉరికినం. పడవ బోర్లా పడి ఉన్నది. అడుగున నాలుగు చోట్ల గడ్డపారతో పొడిచిన బొక్కలు. ఒక పక్క పొడుగునా చీలి ఉన్నది. బల్లల కింద పెట్టిన థర్మాకోల్ అంతా పీకి రాళ్ల మీద పారేసిండ్రు. తెడ్లు రెండు ముక్కలు. గొలుసు, తాళం మాత్రం చెక్కుచెదరకుండా చెట్టుకే ఉన్నయి. పడవకు గొలుసు కట్టిన కొక్కెమే ఊడగొట్టిండ్రు. చాలాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. ఒకడు థర్మాకోల్ ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నడు.

'తండా పోరగాళ్లకు పడవ ఎందుకు?' అని చాలామంది అడిగిండ్రు. చేపలు పట్టేటందుకు కాదు. సవారీలు తిప్పి పైసలు సంపాదించేటందుకు కాదు. ఉత్త సరదాకు. ఈ మాట చెప్పనీకి మాకే మొదట్ల సిగ్గయింది. ఎందుకు కొన్నమో చెప్పాలంటే ఆ నీళ్లకు, మాకు ఉన్న సంబంధం చెప్పాలె.

మా తండాలు నాగార్జునసాగర్ వెనక నీళ్ల పక్క గుట్టల మీద ఉంటయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాంకు పునాది రాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ దిక్కు, ఖమ్మం దిక్కు పోయినయి. అక్కడ వరి పండింది, మంచిదే. డ్యాం వెనక ఉన్నోళ్లకు మాత్రం మంచి భూములు మునిగినయి, మిగిలిన చెల్కలకు వానే దిక్కయింది. ఏలేశ్వరం మునిగింది. నాగార్జునకొండ లోయలోని బౌద్ధుల కట్టడాలను జాగ్రత్తగా విప్పి, కొండ మీద కొన్ని, అనుపు దగ్గర కొన్ని మళ్లీ నిలబెట్టిండ్రు. మా తాతలు మాత్రం బండి మీద ఎంత పడితే అంత వేసుకొని గుట్టెక్కిండ్రు అని ఇంట్లో చెప్తరు.

సాగర్ నిండితే 590 అడుగులు, 312 టీఎంసీలు. హైదరాబాద్ నల్లాల్లో వచ్చే కృష్ణా నీళ్లు కూడా ఇక్కడివే. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, కోదండాపూర్ దగ్గర శుద్ధి చేసి పంపుతరు. అంత నీళ్ల పక్కన పుట్టి కూడా మా ఏడుగురిలో నలుగురికి ఈత రాకుండె. 'నీళ్ల దిక్కు పోకుండ్రి' అనుకుంటనే మా అమ్మలు మమ్మల్ని పెంచిండ్రు. వాళ్ల భయం ఉత్తగది కాదు. ఇదే కృష్ణ మీద, పాత మహబూబ్‌నగర్ జిల్లా కొల్లాపూర్ దిక్కు మంచాలకట్ట దగ్గర 2007 జనవరిలో పడవ మునిగి 61 మంది చనిపోయిండ్రు. ఆ నీళ్లంటే మాకు పోయిన భూమి, లేకుంటే చావు. ఆ నీళ్ల మీద నవ్వుకుంటూ కూర్చున్నోళ్లు హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు కార్లలో వచ్చేటోళ్లే. వాళ్లు వైజాగ్ కాలనీలో చేపల ఫ్రై తిని, పడవెక్కి, ఫొటోలు దిగి పోతరు. మేము ఒడ్డు మీద మేకలను పట్టుకొని చూసేది.

2024 వేసవిలో ఒక మత్స్యకారుడు పాత ఫైబర్ పడవ అమ్ముతున్నడని తెలిసింది. ఇంజిన్ లేదు, రెండు చోట్ల పగుళ్లు. 22 వేలు అన్నడు. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ పనికి పోయి, పత్తి ఏరిన పైసలు కలిపి కొన్నం. ఫైబర్ మ్యాట్, రెసిన్, హార్డెనర్ తెచ్చి ఆయన చెప్పినట్టే అతికినం. దానికి ఆరు వేల అయిదు వందలు అయినయి. తెడ్లకు పదిహేను వందలు. లైఫ్ జాకెట్లు ఎనిమిది, ఒక్కోటి 750. మొత్తం 36 వేలు. లైఫ్ జాకెట్లు కొనకుండా పడవ నీళ్లల్లో దింపొద్దు అని పట్టుబట్టింది మా చెంచు తమ్ముడు. ఆ ఒక్క పనిలోనే మాకు తెలివి ఉండెనని ఇప్పుడు అనిపిస్తది.

ఆ ఆగస్టులో సాగర్ నిండి గేట్లు ఎత్తిండ్రు. వాగు పాయలో నీళ్లు మా తండా కింది దాకా వచ్చి నిలబడ్డయి. అప్పుడే తీజ్. తొమ్మిది రోజులు ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పెంచి, ఆఖరు రోజు నీళ్లల్లో కలుపుతరు గదా. ఎప్పుడూ ఒడ్డున మోకాళ్ల లోతులోనే కలిపేది. ఈసారి పాయలో నీళ్లు కదలకుండా ఉన్నయి, ఒడ్డు వెంబడే నలుగురు నలుగురు చొప్పున పడవలో తీసుకపోయినం. మా చెల్లెలు తెడ్డు లాక్కొని తనే వేసింది. పాట ఒడ్డు మీద మొదలై నీళ్ల మీదికి పోయింది. మాకు తెలిసి మా తండా ఆ నీళ్ల మీద నవ్వడం అదే మొదటిసారి.

ఇంకో రోజు మా దాదీని ఎక్కించినం. డెబ్బై దాటిన మనిషి. జాకెట్ తొడిగితే సిగ్గుపడ్డది. కొంచెం దూరం పోయినంక చేయి చాపి, 'ఇక్కడ ఆపు' అన్నది. 'ఈ కిందనే మా నాయిన జొన్న చేను. ఆ గుట్ట ముక్కు చూడు, దానికి ఎదురుగానే మా బాయి' అన్నది. చేయి నీళ్లల్లో పెట్టి కొంచెంసేపు అట్లనే ఉన్నది. ఏడ్వలేదు. వాపస్ వచ్చేటప్పుడు మాత్రం, 'జల్ది తోలకు, ఇంకొంచెం తిప్పు' అన్నది. పడవకు మేము పెట్టిన 36 వేలు ఆ రోజే వసూలయినయి అనుకున్నం.

ఇగ పగలగొట్టింది ఎవరు?

మొదట మా నోట్ల నుంచి వచ్చిన మాట, 'చేపలోళ్లే' అని. రుజువు ఏమీ లేదు. డ్యాం కట్టేటప్పుడు విశాఖ దిక్కు నుంచి పనికి వచ్చి ఇక్కడ నిలిచిపోయిన కుటుంబాలు వాళ్లవి. భాష వేరు, పని వేరు, కాబట్టి అనుమానం అటే పోయింది. మేము కాలేజీలో మా మీద ఇట్లాంటి మాట వినవడితే ఎంత కోపానికి వస్తమో మీకు తెలుసు. అదే పని మేమే చేసినం. మాకు పడవ అమ్మిన పెద్దాయన సంగతి విని తనే వచ్చిండు. బొక్కల మీద చేయి పెట్టి చూసి, 'బాబూ, మావోళ్లకి నీ పడవ కావాలంటే రాత్రికి రాత్రి లాక్కెళ్లిపోతారు గానీ, దానికి చిల్లెట్టరు. ఇది పడవ మీద కోపం కాదు, మీ మీద కోపం' అన్నడు. మాకు తల దించుకునుడే అయింది.

మాలో లా చదివే తమ్ముడు కేసు పెడదాం అన్నడు. భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్ ఇట్లాంటి ఆస్తి నష్టానికే ఉన్నది. నష్టం 20 వేల నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. జాకెట్లు ఇంట్లో ఉండబట్టి మిగిలినయి, అవి తీసేస్తే మా నష్టం 30 వేలు. కాగితం రాసుకున్నం కూడా. పొద్దున స్టేషన్‌కు పోదాం అనుకున్న రాత్రి తండాలో ఒక అమ్మ మా ఇంటికి వచ్చి గడప దగ్గరనే కూర్చున్నది. కొంగు నోట్లో పెట్టుకున్నది. చేసింది ఆమె కొడుకు.

వానికి పదిహేడేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చదువు వదిలి బోరు బండి మీద పనికి పోయిండు. పేరు రాయము, రాయొద్దు. నాయక్ ఇంటి ముందట పెద్దలు కూర్చుంటే వాన్ని పిలిచిండ్రు. తాగి చేసిండేమో, ఎవరన్నా ఎగదోసిండ్రేమో అనుకున్నం. వాడు ఒక్కటే అన్నడు: 'భియా, మీరు ఉన్నన్ని రోజులు మన పడవ అంటరు. మీరు పట్నం పోతే దానికి తాళం వేస్తరు. నేను మూడుసార్లు అడిగిన. ఈత రాదన్నరు. మీకు వచ్చా?'

మాకు జవాబు రాలేదు. నిజంగనే నలుగురికి రాదు. వాడు అడిగినప్పుడు ఈత సంగతి ఒక సాకు. అసలు సంగతి, వాడు విరగ్గొడ్తడు, పోగొడ్తడు, వానికి బాధ్యత తెల్వదు అని మా మనసుల ఉండె. చదువుకోని పిల్లగాడు కదా అని. ఏడాదిలో మేము తండాలో ఉన్నది నెలన్నర గూడా లేదు. మిగిలిన పది నెలలు ఆ పడవ చెట్టుకు గొలుసుతో ఎండల ఉన్నది, ఒడ్డున మేకలు కాసే పిల్లలు దాన్ని చూసుకుంటూ కూర్చున్నరు. కార్లలో వచ్చేటోళ్లను చూసి మాకు కలిగిన మంట, మమ్మల్ని చూసి వానికి కలిగింది.

వాడు చేసింది తప్పు కాదని అనడం లేదు. తప్పే. మూడు నెలలు కష్టపడిన పైసలు అవి. ఆ రాత్రి మాలో ఇద్దరు వాన్ని కొట్టడానికి లేచిండ్రు. వాడు సరదాకు కూడా చేయలేదు, కసితో చేసిండు. పెద్దలు దండుగ 30 వేలు అన్నరు. వాళ్ల అమ్మ దగ్గర మూడు మేకలున్నయి, అవి అమ్ముడే. మేము బయటికి పోయి మాట్లాడుకొని వచ్చి, పైసలు వద్దు, కొత్తది చేసేటప్పుడు పనికి రమ్మన్నం. వాడు తల ఊపిండు. కేసు కాగితం చింపినం.

ఇప్పుడు అసలు ప్రశ్న. మళ్లీ కొనాలా, కొంటే ఏది? మాలో మేము నెల రోజులు కొట్లాడుకున్నం. ఆ లెక్క మీ ముందట పెడుతున్నం.

ఒకటి, పాతదాన్నే అతకడం. బొక్కలు నాలుగూ అతుకుతయి గానీ, పక్క చీలినది బలంగా రాదని పెద్దాయన చెప్పిండు. మనుషులను ఎక్కించే దానితో ఆటలొద్దు. వదిలేసినం.

రెండు, గాలి కొట్టే రబ్బరు పడవ. తక్కువలో వస్తది, మోసుకపోవచ్చు. కానీ మా ఒడ్డంతా రాళ్లు, తుమ్మ ముళ్లు. గడ్డపార దాకా అవసరం లేదు, ఒక్క ముల్లు చాలు.

మూడు, ఇంజిన్ ఉన్న పడవ. దాన్ని నడపాలంటే 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే, బీమా అన్నీ చూసుకోవాలె. అంత ఖర్చు పెట్టినంక సవారీలకు తిప్పక తప్పదు. అప్పుడు అది సరదా కాదు, దుకాణం. 2019 సెప్టెంబర్‌లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పెద్ద టూరిస్టు బోటే మునిగిపోయిన సంగతి అందరికీ తెలుసు. పైసలకు మనుషులను ఎక్కించుకునే ధైర్యం మాకు లేదు.

నాలుగు, పుట్టి. కృష్ణ ఒడ్డున మొదటి నుంచీ ఉన్నదే. వెదురు బద్దలతో గంప లెక్క గుండ్రంగా అల్లి, బయట పట్టా చుట్టి తారు పూస్తరు. తెలియనోడు తెడ్డు వేస్తే ఉన్నచోటనే గిరగిర తిరుగుతది. మేము అడిగిన మేదరి కాక ఒక్కోటి 13 వేలు చెప్పిండు, మంచిగ చూసుకుంటే రెండు మూడేండ్లు వస్తది అన్నడు. పొడిస్తే బొక్క పడ్తది, కానీ పట్టా ముక్క, తారు ఉంటే తండాలోనే ఎవరైనా అతకొచ్చు. మా మనసు దీని దిక్కే ఉన్నది.

ఏది కొన్నా కొన్ని మాటలు పెద్దల ముందటనే ఒప్పుకున్నం. తాళం చెవి తండాలోనే ఉంటది, మా దగ్గర ఉండదు. ఎక్కేటోళ్లు ముందుగాల ఈత నేర్చుకోవాలె, మేము కూడా. జాకెట్ లేకుండా ఎవ్వరూ ఎక్కొద్దు, ఎంత పెద్ద మనిషైనా సరే. గాలి లేచినప్పుడు, చీకటి పడ్డంక, వాగు పాయ దాటి పెద్ద నీళ్లల్లోకి పోవద్దు. సవారీ పైసలు తీసుకోవద్దు.

'అదే 13 వేలు పుస్తకాలకు పెట్టుకోవచ్చు గదా' అని మా అన్న ఒకరు అడిగిండు. నిజమే, పెట్టుకోవచ్చు. కానీ మనం ఏది కొన్నా దానికి ఒక ఉపయోగం చూపించాలె, ఎవరికో లెక్క చెప్పాలె అన్నట్టు పెరిగినం. చదువు కూడా ఉద్యోగానికే. మా దాదీ ఇంకొంచెం తిప్పమన్నప్పుడు దేనికీ లెక్క చెప్పలేదు. ఆమె చేను మీద నీళ్లు నిలబడి అరవై ఏండ్లు అయితున్నది. ఆ నీళ్ల మీద ఒక గంట కూర్చోవాలనుకునే హక్కు ఆమెకు లేదంటే మేము ఒప్పుకోము. ఆ హక్కు బోరు బండి మీద పోయే పిల్లగానికి కూడా ఉన్నదని మాత్రం పడవ పోయినంకనే తెలిసింది.

ఇప్పటికి తొమ్మిది వేలు జమ అయినయి. అందులో అయిదు వందలు వాడు ఇచ్చినయి, వద్దన్నా వినలేదు. సోమశిల దిక్కు, మక్తల్ దిక్కు నుంచి వచ్చినోళ్లలో పుట్టి సంగతి తెలిసినోళ్లు ఉంటే చెప్పండి: వెదురు ఏ నెలలో కొట్టింది మంచిది, పట్టా ఒక వరుస సరిపోతదా, రెండు వేయాలా? ఎండాకాలం సెలవుల్లో నీళ్లు తగ్గుతయి, అప్పుడు ఒడ్డునే అల్లించాలని ఉన్నది. వాడు బోరు బండికి పది రోజులు సెలవు పెట్టి వస్తనన్నడు. పాత తాళం ఇంకా చెట్టుకే ఉన్నది, వచ్చినప్పుడు దాన్ని కూడా తీయాలె.