చల్లదనం వెనుక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న పెద్దల మాటకు పెద్దపల్లి ప్రాంతంలో నిదర్శనం వెతకనక్కరలేదు. సింగరేణి బొగ్గుగనులు, రామగుండం విద్యుత్కేంద్రం నెలకొన్న ఈ సీమలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అట్టి దినాలలో రాజీవ్ రహదారి మీదుగా రోగులను కరీంనగర్ ఆసుపత్రులకు చేరవేసే కిరాయి కారులో చల్లని గాలి విలాసం కాదు. అది రోగికి ఊరట, డ్రైవరుకు జీవనాధారం.

కారు పాతబడిన కొలదీ ఆ చల్లదనం తగ్గుతుంది. ఎండలు ముదరగానే డ్రైవరు మెకానిక్ షెడ్డుకు వెళ్లి, "గ్యాసు అయిపోయినట్టుంది అన్నా, జర నింపు" అని అడగడం పరిపాటి. ఆ మాటలోనే ఒక అపోహ దాగి ఉన్నది. పెట్రోలు మండి ఖర్చవుతుంది. ఏసీ గ్యాసు ఖర్చు కాదు. కంప్రెసర్ దానిని అదిమి వేడెక్కిస్తుంది. కారు ముందుభాగాన ఉన్న కండెన్సర్‌లో అది వేడిని వదలి ద్రవంగా మారుతుంది. సన్నని కవాటం దాటి ఒత్తిడి తగ్గగానే, లోపలి గాలిలోని వేడిని గ్రహించి మరల వాయువవుతుంది. ఈ పరిభ్రమణం మూసిన గొట్టాలలోనే సాగుతుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొంత జారిపోవచ్చు. కాని నిరుడు నింపినది ఈ ఏడు లేదంటే, ఎక్కడో చిల్లు ఉన్నట్లే.

చిల్లు వెతకకుండా గ్యాసు నింపడం చిల్లుకుండలో నీరు పోయడమే. నిపుణుడైన పనివాడు మొదట నైట్రోజన్ నింపి, అతుకులకు సబ్బునురగ పూసి, బుడగ లేచే చోటును గుర్తిస్తాడు. అరిగిన రబ్బరు వలయాన్ని, తేమను పీల్చే డ్రయ్యర్‌ను మారుస్తాడు. వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను తొలగిస్తాడు. కారుకు నిర్దేశించిన తూకం ప్రకారమే గ్యాసు నింపుతాడు. ఎక్కువైతే చల్లదనం పెరగదు. కంప్రెసర్‌పై భారం పెరుగుతుంది. ఈ పనికి సగం రోజు పట్టవచ్చు. ఆ పూట కిరాయి పోతుందని డ్రైవరు తొందరపడతాడు. గిరాకీ పోతుందని మెకానిక్ వెనుకాడతాడు. వారిద్దరి తొందరకు మూల్యం చెల్లించేది ఆకాశం.

ఒకప్పుడు కార్లలో ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్ వాడేవారు. అది మండదు, విషం కాదు. అందుచేత నిరపాయమని లోకం నమ్మింది. అట్టి వాయువులు ఓజోన్ పొరను హరిస్తాయని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1985లో అంటార్కిటికాపై ఆ పొర పలచబడిన సంగతి వెల్లడైంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. ఆర్-12 స్థానంలో ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోన్‌ను బాధించదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే నూరేళ్ల కాలంలో సుమారు 1,430 రెట్లు శక్తిమంతమైనది. అనగా చిన్న కారులోని అరకిలో గ్యాసు గాలిలో కలిస్తే, దాదాపు 700 కిలోల బొగ్గుపులుసు వాయువును వదిలినంత హాని కలుగుతుంది.

పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. సరిగ్గా నాలుగు రోజులకు, ఆఫ్రికాలోని కిగాలి నగరంలో ఇట్టి వాయువులను క్రమంగా తగ్గించాలని ప్రపంచ దేశాలు అంగీకరించాయి. భారతదేశం 2021లో దానిని ధ్రువీకరించి, 2032 నుండి దశలవారీగా తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం తగ్గింపును సాధించేందుకు కట్టుబడింది.

ఒప్పందాలపై సంతకాలు చేసేది ప్రభుత్వాలు. వాటిని నిలబెట్టేది సబ్బునురగతో అతుకులు తడిమే చేతులు. పాత గ్యాసును గాలిలోకి వదలక యంత్రంతో సిలిండరులోకి తీసుకొనే మెకానిక్, తాను ఎన్నడూ చూడని మంచుకొండలకు సైతం మేలు చేస్తున్నాడు. ఒక పూట కిరాయి వదులుకొని చిల్లు పూడ్పించుకొనే డ్రైవరు, తన బిడ్డలు అనుభవించబోయే ఎండను కొంత తగ్గిస్తున్నాడు. చల్లదనాన్ని కోరే ప్రతివాడూ, దానికోసం వెలుపలి లోకాన్ని ఎంత వేడెక్కిస్తున్నానో ఎరిగి మెలగడమే నిజమైన వివేకం.