తాళంచెవులు దాచిపెట్టే కంపెనీ

బ్యాంకు అక్కర్లేదు, మధ్యవర్తి అక్కర్లేదు, ఎవర్నీ నమ్మాల్సిన పనే లేదు... బిట్‌కాయిన్ పుట్టిందే ఆ మాట మీద. చిత్రమేంటంటే, ఆ బిట్‌కాయిన్‌నే నమ్ముకుని ప్రపంచంలోని పెద్ద మధ్యవర్తుల్లో ఒకటిగా ఎదిగింది ఓ అమెరికా కంపెనీ. పేరు కాయిన్‌బేస్!

2010 క్రిస్మస్ సెలవులు. కాలిఫోర్నియాలో అమ్మానాన్నల ఇంట్లో ఉన్న బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఇంటర్నెట్లో ఓ తొమ్మిది పేజీల పత్రం కంటపడింది. సతోషి నకమోటో అన్న మారుపేరుతో ఎవరో రాసింది. మరొకరైతే పక్కన పడేసేవారేమో. బ్రయాన్ అంతకుముందు అర్జెంటీనాలో ఉండొచ్చాడు. చేతిలోని నోటు విలువ చూస్తుండగానే కరిగిపోవడం అక్కడ అతనికి అనుభవమే. తర్వాత ఎయిర్‌బీఎన్‌బీలో ఇంజినీరుగా చేస్తున్నప్పుడు, ఓ దేశం నుంచి ఇంకో దేశానికి డబ్బు పంపడం ఎంత తలనొప్పో తెలిసొచ్చింది. అందుకే ఆ కాగితాలు అతన్ని వదల్లేదు.

అయితే బిట్‌కాయిన్‌తో ఓ చిక్కుంది. అది జేబులో వేసుకునే నాణెం కాదు. దాన్ని ఖర్చుపెట్టాలంటే ఓ రహస్య సంకేతం కావాలి. తాళంచెవి అనుకోండి. అది పోయిందా... సొమ్మూ పోయినట్టే. ‘పాస్‌వర్డ్ మర్చిపోయానండీ’ అని మొరపెట్టుకోవడానికి మేనేజరుండడు. మరి సామాన్యుడు ఈ బాధ పడగలడా? ఆ చెవుల్ని కంపెనీయే భద్రంగా దాచిపెడితే సరి అన్నది బ్రయాన్ లెక్క. భాగస్వామిగా చేరాల్సిన బెన్ రీవ్స్ అనే బ్రిటన్ ప్రోగ్రామరుకీ అతనికీ వాలెట్ ఎలా పనిచేయాలన్న దగ్గరే కుదరలేదు. కంపెనీ గట్టిగా నిలబడకముందే ఇద్దరూ విడిపోయారు.

2012లో వై కాంబినేటర్ అనే సంస్థ లక్షన్నర డాలర్ల పెట్టుబడి పెట్టింది. గోల్డ్‌మన్ శాక్స్‌లో ట్రేడరుగా చేసిన ఫ్రెడ్ ఎర్సామ్ తోడయ్యాడు. ఆ అక్టోబరు నుంచి బ్యాంకు ఖాతాలోని డబ్బుతో నేరుగా బిట్‌కాయిన్ కొనుక్కునే వీలు కల్పించారు. అప్పట్లో దాని ధర 12 డాలర్ల దగ్గర ఉండేది!

2014లో టోక్యోలోని మౌంట్ గాక్స్ కుప్పకూలింది. ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్లు గల్లంతయ్యాయని ప్రకటించింది. (వాటిలో రెండు లక్షలు తర్వాత దొరికాయి.) అప్పటికే కాయిన్‌బేస్ విసుగు పుట్టించే దారి ఎంచుకుంది. లైసెన్సులు తీసుకోవడం, ఖాతాదారుల గుర్తింపు కార్డులు అడగడం, చెవుల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్‌కి అందకుండా దాచడం... మన బ్యాంకువాళ్లు పాన్ కార్డు అడిగినట్టే. బిట్‌కాయిన్ వీరాభిమానులు ముఖం చిట్లించారు. కొత్తవాళ్లకు మాత్రం అదే ధైర్యం.

2017 డిసెంబరులో బిట్‌కాయిన్ 20 వేల డాలర్ల దాకా ఎగబాకేసరికి, అమెరికా యాపిల్ స్టోరులో అందరూ దించుకున్న యాప్ కాయిన్‌బేస్‌దే. 2021 ఏప్రిల్ 14న కంపెనీ నాస్‌డాక్ మార్కెట్లోకి వచ్చింది. సాయంత్రానికి విలువ దాదాపు 8,500 కోట్ల డాలర్లు! రాబడి ప్రధానంగా కమీషన్లే. జనం ఉత్సాహంగా కొంటూ అమ్ముతూ ఉంటేనే గల్లాపెట్టె గలగలలాడుతుంది. ధరలు పడితే ఆ ఉత్సాహమూ చల్లారుతుంది.

2022లో జరిగిందదే. జూన్‌లో దాదాపు 1,100 మందిని, అంటే సిబ్బందిలో 18 శాతాన్ని ఇంటికి పంపారు. ఆ కబురు వాళ్ల సొంత ఈమెయిల్‌కి వచ్చింది. ఆఫీసు సిస్టమ్ అప్పటికే మూసేశారు మరి. మనం మరీ వేగంగా పెరిగిపోయామని ఒప్పుకున్నాడు బ్రయాన్. ఆ ముక్క ఉద్యోగాలిచ్చే ముందే తోచి ఉంటే బాగుండేది. ఏడాది ముగిసేసరికి నష్టం 260 కోట్ల డాలర్లు దాటింది.

మన దేశంలోనూ ఆ ఏప్రిల్‌లోనే ఎదురుదెబ్బ తగిలింది. యూపీఐతో కొనుక్కోవచ్చని బ్రయాన్ స్వయంగా బెంగళూరు వచ్చి ప్రకటిస్తే, క్రిప్టో ఎక్స్ఛేంజీలు యూపీఐ వాడుతున్న సంగతే తమకు తెలియదంది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. కొద్దిరోజుల్లోనే ఆ సదుపాయం ఆగిపోయింది.

కంపెనీ మళ్లీ లేచింది. 2024 జనవరిలో అమెరికా అనుమతించిన 11 బిట్‌కాయిన్ ఫండ్లలో ఎనిమిది తమ నిధి దాచుకునేందుకు దీన్నే ఎంచుకున్నాయి. 2023లో మార్కెట్ నియంత్రణ సంస్థ వేసిన కేసు 2025 ఫిబ్రవరిలో వీగిపోకుండానే ముగిసింది, ఆ సంస్థే వెనక్కి తీసుకుంది. మే 19న ఎస్ అండ్ పీ 500 జాబితాలో చోటు దక్కింది.

సరిగ్గా దానికి నాలుగు రోజుల ముందు మరో ప్రకటన చేయాల్సి వచ్చింది. విదేశాల్లోని కస్టమర్ సేవల సిబ్బందిలో కొందరికి లంచమిచ్చి దుండగులు ఖాతాదారుల వివరాలు లాగేశారు. దాదాపు 70 వేల మందివి! పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల బొమ్మలు... తాళంచెవులు మాత్రం పోలేదు. వాటితో పనేముంది? కంపెనీ నుంచే ఫోన్ చేస్తున్నట్టు నమ్మిస్తే ఖాతాదారులే సొమ్ము పంపేస్తారు. కొందరు పంపారు కూడా. దుండగులు రెండు కోట్ల డాలర్లు అడిగితే, బ్రయాన్ ఇవ్వనన్నాడు. అదే మొత్తాన్ని వాళ్లను పట్టిచ్చినవారికి బహుమతిగా ప్రకటించాడు. మోసపోయినవారి సొమ్ము తామే చెల్లిస్తామన్నాడు.

ఆ డిసెంబరులో అతను మరో కబురు చెప్పాడు. కంపెనీలో ఒకప్పుడు కస్టమర్ సేవలు చూసిన ఓ ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేశారని. ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే.